ఇప్పుడే అమ్మకు

పోయిన వారం మనం నవతను ఆఫీసు లిఫ్టులో వదిలి వచ్చాం. ఆమె చేతిలో ఒక కవరుంది. అందులో పర్మనెంటు ఉద్యోగానికి పిలుపు. సోమవారం సాయంత్రంలోగా సంతకం పెట్టాలి, లేదా వద్దని చెప్పాలి.

కొత్తగా చదవడం మొదలుపెట్టిన వారి కోసం రెండు మాటలు. నవత చిక్కడపల్లి పిల్ల. నాలుగేళ్లు అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివి, రెండుసార్లు మెయిన్స్ దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. తరువాత రాయదుర్గంలో ఒక పెద్ద విదేశీ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో ఏడాది కాంట్రాక్టు మీద చేరింది. ఆమెది కంప్లయన్స్ విభాగం. బ్యాంకు ఉద్యోగులు రాసే మెయిళ్లు, చాట్లు చదవాలి. చట్టం ఒప్పుకోని మాట ఏదైనా కనిపిస్తే పైకి పంపాలి. అదే బ్యాంకులో, మూడంతస్తుల కింద, శ్రీదివ్య పనిచేస్తోంది. గ్రూప్స్ రోజుల్లో నవతకు ఒకే ఒక్క స్నేహితురాలు. పదకొండు రోజుల కిందట శ్రీదివ్య రాసిన ఒక మెయిల్ నవత ముందుకే వచ్చింది. నవత దాన్ని పైకి పంపింది. శ్రీదివ్యను పనిలో నుంచి పక్కన పెట్టారు. ఎవరు పట్టుకున్నారో శ్రీదివ్యకు తెలియదు.

ఆ మెయిల్లో ఏముందో మనమింకా చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్పుకుందాం.

మూడు ముక్కలు. తెలుగే, కానీ ఇంగ్లిషు అక్షరాల్లో. "ఇప్పుడే అమ్మకు. గురువారం దాక ఆగు. జర నా మాట ఇను."

శ్రీదివ్య బృందం కంపెనీల మీద నివేదికలు తయారు చేస్తుంది. ఒక కంపెనీ బాగా ఎదగబోతోందని ఆ గురువారం బ్యాంకు ప్రకటించనుంది. ప్రకటన వస్తే ఆ కంపెనీ షేరు పెరుగుతుంది. అంతవరకు ఆ సంగతి బయటివాళ్లతో అనకూడదు. చెబితే నేరం. శ్రీదివ్య ఆ పని చేసింది. పేరు తెలియని ఎవరిదో ఒక చిరునామాకు, ఆఫీసు కంప్యూటర్ నుంచే పంపింది. యంత్రానికి ఆ భాష అర్థం కాలేదు. తెలుగు వచ్చిన మనిషి చూడాలని పక్కన పెట్టింది. ఆ పూట డ్యూటీలో ఉన్న తెలుగు మనిషి నవత.

అమ్మకు అంటే ఏమిటి? అమ్మవద్దని ఒక అర్థం. తల్లికి అని ఇంకో అర్థం. "కుటుంబ విషయం, తల్లికి సంబంధించినది" అని ఒక్క వాక్యం టైపు చేసి మూసేస్తే, మూసిన దాన్ని మళ్లీ తెరిచే తీరిక ఆ అంతస్తులో ఎవరికీ లేదు. నవత ఆ వాక్యాన్ని టైపు చేసింది కూడా. నలభై నిమిషాలు దానివైపే చూస్తూ కూర్చుంది. లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చింది. మళ్లీ వెళ్లి తాగి వచ్చింది. చివరికి ఆ వాక్యం తుడిపేసి, "ఈ మనిషి నాకు తెలుసు, నేను చూడకూడదు" అన్న చోట గుర్తు పెట్టి, తన పైఅధికారి రాఘవేందర్‌కు పంపింది.

ఆమె చేసింది అంతే. తీర్పు ఆమె చెప్పలేదు. కానీ ఆ 'అంతే' కూడా ఎవరితోనూ అనడానికి వీల్లేదు.

శుక్రవారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆమె ఎప్పటిలాగే కిటికీ పక్క టేబుల్ దగ్గర ఒంటరిగా తింటోంది. ఆమె వచ్చి కూర్చుంటే పక్క టేబుల్ మాటలు సన్నబడటం ఏడాదిగా అలవాటే. చదివే మనిషి ముందు ఎవరు మాట్లాడతారు? రాఘవేందర్ తన టిఫిన్ డబ్బాతో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. అంబర్‌పేట మనిషి. యాభై దాటాయి.

"కూసోవచ్చా నవతా?"

"కూర్చోండి సార్."

ఆయన డబ్బా తెరిచాడు. వంకాయ కూర, చపాతీ. ఒక చపాతీ తిన్నాడు.

"సైన్ చెయ్యమని నేను చెప్ప. వద్దని కూడ చెప్ప. ఒక్కటి మాత్రం ముందే తెలిస్తే మంచిది," అన్నాడు. "పదిహేడేండ్లయింది నేను ఈ లైన్ల వచ్చి. ఎన్ని ఆఫీసులు మారిన్నో, అన్నిట్ల మస్తు పెండ్లిళ్లయినయి. నాకు ఒక్క పత్రిక రాలే."

నవ్వుతూనే అన్నాడు. నవతకు నవ్వు రాలేదు.

"ఇంటికి పోయి చెప్పుకుందామంటే అది కూడ కుదరదు. మా ఆమె రోజూ అడుగుతది, ఇయ్యాల ఏమైందని. ఏం కాలేదంట నేను. పదిహేడేండ్ల సంది ఏం కాలేదనే చెప్తున్న."

"మరి ఎందుకున్నరు సార్?"

ఆయన చపాతీ ముక్క చేతిలో పట్టుకుని ఆలోచించాడు. ఇంతకుముందు ఎవరూ అడగని ప్రశ్న కాబోలు.

"నాకు ఈ పని మంచిగ వస్తది," అన్నాడు. "మీకు కూడ వస్తది. అది నేను చూసిన."

నవతకు ఆ మాట ఇంటి దాకా వెంట వచ్చింది. పరేడ్ గ్రౌండ్‌లో మెట్రో రైలు మారుతున్నప్పుడూ, చిక్కడపల్లి స్టేషన్ మెట్లు దిగుతున్నప్పుడూ అదే మాట. అశోక్‌నగర్‌లో నాలుగేళ్లు కూర్చుంటే నీకు ఇది వస్తుందని ఒక్కరూ అనలేదు. వెయ్యిమంది రాస్తే తొమ్మిదివందల తొంభైమందికి రానిది తనకూ రాలేదు. ఇక్కడ వస్తోంది. ఒక మాటలో వంకర ఎక్కడుందో ఆమెకు చటుక్కున కనిపిస్తుంది. రాసినవాడు భయంతో రాశాడా, పొగరుతో రాశాడా, ఊరికే వాగాడా అన్నది చదవగానే తెలుస్తుంది. ముప్ఫై దగ్గరపడుతున్న మనిషికి తనకేదో బాగా వచ్చునని మొదటిసారి తెలియడం చిన్న సంగతి కాదు. కానీ అది వచ్చినందుకే శ్రీదివ్య పనికి దూరమైంది.

శనివారం రాత్రి శ్రీదివ్య నుంచి మెసేజ్ వచ్చింది. "రేపు పొద్దున లైబ్రరీకొస్తవా? మన పాత జాగ. పది గంటలకు."

వెళ్లకపోవడమే మంచిదని నవతకు తెలుసు. వెళ్లినా ఆ విషయం ఎత్తకూడదు. అది నియమం. పొద్దున సంచి తీసుకుని, "కూరగాయలకు పోయొస్త," అని వంటింట్లోని అమ్మతో చెప్పి బయటపడింది. లైబ్రరీ మాట ఎవరితోనూ అనలేదు.

ఆదివారమైనా సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణ నిండా మనుషులే. లోపల చోటు దొరకనివాళ్లు చెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని, ఒళ్లో అట్ట పెట్టుకుని చదువుతున్నారు. కొందరు పెదవులు కదుపుతూ ఆర్టికల్ నంబర్లు వల్లె వేస్తున్నారు. నవత వాళ్ల మధ్య నుంచి నడుస్తుంటే ఒక్క తల కూడా పైకి లేవలేదు. ఒకప్పుడు తనూ ఎత్తేది కాదు. బండ్లు పెట్టే చోటు పక్కన సిమెంటు గట్టు మీద శ్రీదివ్య కూర్చుని ఉంది. పదకొండు రోజుల్లో మొహం సగమైంది.

"వచ్చినవా," అంది. "రావనుకున్న."

"ఎందుకు రాను?"

"ఆఫీసోళ్లు ఒక్కరు కూడ ఫోన్ ఎత్తుతలేరే. వాట్సాప్ గ్రూపుల నుంచి తీసేసిండ్రు. లాప్‌టాప్ గుంజుకున్నరు. మా అమ్మకు ఇంకా చెప్పలే. రోజూ తయారై బయటికొస్తున్న. నారాయణగూడల మెల్కోటే పార్కుల కూసుంట. పార్కు బంద్ చేస్తే చాయ్ దుకాణంల కూసుంట. సాయంత్రం కవాడిగూడల ఇంటికి పోత."

నవత ఆమె చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

"నీ డిపార్ట్‌మెంటే కదా నవతా. ఎవరు పట్టుకున్నరో జర కనుక్కోరాదు. నేనేం కొట్లాడ. ఊకె తెల్సుకుంట."

"నేనేం చెప్పలేను దివ్యా."

"చెప్పలేవా? తెల్వదా?"

రెంటికీ మధ్య ఎంత దూరముందో నవతకు ఆ క్షణంలోనే తెలిసింది. తెలియదంటే సరిపోయేది. కానీ అబద్ధం నోటికి రాలేదు. నిజం చెప్పడానికి వీల్లేదు.

"చెప్పలేను," అంది మళ్లీ.

శ్రీదివ్య చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. కాసేపు ఎదురుగా చెట్టు కింద చదువుకుంటున్న అమ్మాయి వైపు చూసింది. తరువాత చాలా నెమ్మదిగా మాట్లాడింది.

"మెషీన్‌కు అర్థం కాలేదన్నరు మా సార్. తెలుగొచ్చినోళ్లు చదివిండ్రన్నరు. మీ ఫ్లోర్ల తెలుగోళ్లు ఎంతమంది నవతా? జర అంటే ఏందో, ఇను అంటే ఏందో తెల్సినోళ్లు ఎంతమంది?"

నవత తన సంచిని ఒళ్లోకి లాక్కుంది.

"నువ్వేనా?"

పక్కనే ఎవరో బండి స్టాండు తీసి, స్టార్టు చేసి, వెళ్లిపోయారు.

"నువ్వే," అంది శ్రీదివ్య. అరవలేదు. అరిస్తే నవతకు కొంత సులువయ్యేది. "ఒక్క మాటనే! అమ్మకు అంటే మా అమ్మకు అని రాస్తే ఎవడడుగుతుండె? నాలుగేండ్లు ఒకటే డబ్బల తిన్నం. నీకు జ్వరమొస్తే నీ నోట్సు నేను రాసిన. గా ఒక్క మాట నా కోసం తప్పు చదవలేకపోయినవా?"

ఆ మాట రాశాననీ, నలభై నిమిషాలు అలాగే ఉంచాననీ, మూసేయడానికి చెయ్యి రాలేదనీ, తీర్పు తనది కాదనీ నవత గొంతు దాకా వచ్చింది. ఏది చెప్పినా ఆఫీసు సంగతి బయటపెట్టినట్టే. అంతకంటే, ఏది చెప్పినా సాకులాగే వినిపిస్తుంది. ఆమె తన సంచి పిడి చూసుకుంటూ కూర్చుంది.

శ్రీదివ్య చున్నీతో కళ్లు తుడుచుకుంది. "ఎవరికి పంపినవని మూడుసార్లు అడిగిండ్రు. నేను చెప్పలే. రేపు పదకొండు గంటలకు మళ్ల రమ్మన్నరు. పేరు చెప్తే కేసు దాక పోకుండ చూస్తమన్నరు."

"అయితే చెప్పు దివ్యా," అని నవత నోట్లోంచి వచ్చేసింది. "ఎవరి కోసం దాస్తున్నవ్? ఆ మనిషి నీ కోసం వచ్చిండా?"

శ్రీదివ్య ఆమె వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. వింతగా, జాలిలాంటిది ఉంది.

"చెప్పమంటున్నవా? నువ్వే చెప్పమంటున్నవా?" అంది. "మంచిది. ముందు నీకే చెప్త. విన్నాక చెప్పు, రేపు నేను నోరు తెరవాల్నో వద్దో."

"వద్దు!" నవత లేచి నిలబడింది. "నాకు చెప్పకు. చెప్తే నేను దాయలేను."

చెట్టు కింద చదువుతున్న అమ్మాయి ఇప్పుడు తలెత్తి చూసింది.

"గింత దూరం పోయినవా నవతా," అంది శ్రీదివ్య. బ్యాగు భుజానికి తగిలించుకుంది. గేటు వైపు నడిచింది. రెండు అడుగులు వేసి ఆగినట్టే ఆగి, మళ్లీ నడిచింది.

నవత చాలాసేపటి వరకు అక్కడే ఉంది. ఆ ఆవరణలో మూడు, నాలుగు వందలమంది ఉన్నారు. ఒక్కరూ ఆమెకు తెలియదు. తెలిసిన ఒక్క మనిషి గేటు దాటి వెళ్లిపోయింది. కూరగాయలకని చెప్పింది కాబట్టి మార్కెట్‌కు వెళ్లింది. ఏం కొంటోందో చూసుకోకుండా బీరకాయలు, టమాటాలు సంచిలో వేయించుకుంది. అక్కడి నుంచి ఇంటికి పది నిమిషాల నడక. ఆ రోజు అరగంట పట్టింది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. అమ్మ కింది పోర్షన్‌లో భజనకు వెళ్లింది. ముందు గదిలో అన్న ఉదయ్ కుమార్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అశోక్‌నగర్‌లో జిరాక్స్, బైండింగ్ షాపు అతనిది. నాన్న చనిపోయిన ఏడాదే చదువు మానేసి ఆ షాపులో కూర్చున్నాడు. నవత నాలుగేళ్లు చదివిన ప్రతి కాగితం ఆ షాపు మిషన్లోంచి వచ్చిందే. ఆదివారాలు మధ్యాహ్నం దాకా నిద్రపోయే మనిషి. ఇవాళ స్నానం చేసి, చొక్కా వేసుకుని, ఫోన్ రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

"దివ్య మస్తు ఏడ్సిందా?" అన్నాడు.

నవత గుమ్మంలోనే ఆగిపోయింది. తను లైబ్రరీకి వెళ్లినట్టు అతనికి చెప్పలేదు. పైగా ఇన్నేళ్లలో అతను శ్రీదివ్యను ఒక్కసారీ పేరుతో పిలవలేదు. ఎప్పుడూ "మీ ఫ్రెండ్" అనేవాడు. మీ ఫ్రెండ్ నోట్సు బైండింగ్ అయింది, మీ ఫ్రెండ్‌ను వచ్చి తీసుకపొమ్మను. దివ్య అని ఎంత సులువుగా అన్నాడు! ఎన్నాళ్లుగానో నోట్లో నలిగిన పేరులా ఉంది.

"ఇప్పుడే ఫోన్ చేసింది," అన్నాడు ఉదయ్. "చెల్లె, కూసో. నీకొక మాట చెప్పాలె."

"అన్నా, వద్దు."

"వద్దంటే ఎట్ల?"

"నువ్వు చెల్లెకు చెప్తున్న అనుకుంటున్నవ్. నాకు చెప్తే ఆఫీసుకు చెప్పినట్టే అయితది. నువ్వు చెప్పకు. నేను వినలే."

ఉదయ్ తలూపాడు. అర్థమైనట్టే ఊపాడు.

"అయితే ఆఫీసుకే చెప్త," అన్నాడు. "ఆ మెయిల్ నాకే వచ్చింది."

నవత చేతిలోని సంచి కింద పెట్టింది. టమాటాలు రెండు దొర్లి మంచం కిందికి పోయాయి. ఎవరూ వాటిని తీయలేదు.

అతను దాచకుండా చెప్పుకొచ్చాడు. ఆ కంపెనీ షేర్లు ఏడాది కిందటే కొన్నాడు. షాపు వెనక గది కూడా కిరాయికి తీసుకుందామని, ఆ తరువాత ఇంట్లో పెళ్లి మాట ఎత్తుదామని అమ్మబోయాడు. ఆ సంగతి శ్రీదివ్యతో అన్నాడు. ఆమె ఆగమంది. అతను ఆగాడు. ఆ గురువారం దాటాక, మర్నాడు అమ్మాడు. అందులో తప్పుందని ఆ రోజు అతనికి తట్టనే లేదు. ఆమెకు తట్టింది. అయినా రాసింది.

"నా కోసం రాసిందే. ఆమె కోసం కాదు," అన్నాడు.

"నాకెందుకు చెప్పలే అన్నా? మీ ఇద్దరి సంగతి?"

"నీ మెయిన్స్ కానీ అనుకున్నం. తర్వాత నీ నౌకరీ కానీ అనుకున్నం." అతను తల వంచుకున్నాడు. "ఎప్పుడూ నీది కానీ అనే అనుకున్నం."

నవతకు ఏడుపు రాలేదు. తను పక్కన కూర్చుని చదువుకుంటున్నప్పుడు ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే ఉంటారు. బైండింగ్ పుస్తకాలు చేతులు మారే ఉంటాయి. వేలమంది అపరిచితుల మెయిళ్లలో వంకర పట్టుకునే మనిషి తన ఇంట్లో జరిగినదాన్ని ఒక్కనాడూ చదవలేకపోయింది. తనకు ఇద్దరే మనుషులు. వాళ్లిద్దరూ ఒకరికొకరు ఉన్నారు. తను బయట ఉంది.

"నువ్వు చేసింది తప్పనను," అన్నాడు ఉదయ్. "ఒక్కటే అడుగుత. రేపు పదకొండు దాటేదాక ఏం చెయ్యకు. దివ్య నా పేరు చెప్పదు. నీకు తెల్వనట్టు ఉండు. నీ నౌకరీ నీకుంటది. మా తిప్పలు మేం పడ్తం."

అది మంచి దారిలాగే కనిపించింది. ఎవరినీ కొత్తగా ముంచని దారి. నవత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. రేపు సాయంత్రం సంతకం పెడుతుంది. మంగళవారం నుంచి మళ్లీ ఇతరుల మాటలు చదువుతుంది. ఎవరిదైనా ఇలాంటి మెయిల్ వస్తే పైకి పంపుతుంది. రేపు విచారణ జరిగే గదిలో శ్రీదివ్య మాత్రం ఒక్కతే కూర్చుని, ఇద్దరి తప్పు ఒక్కతే మోసి, కేసు మీద వేసుకుంటుంది. రాఘవేందర్‌కు ఇంట్లో చెప్పుకోవడానికి లేదు కానీ, ఆఫీసులో దాచుకోవాల్సింది కూడా ఏమీ లేదు. తనకు రెండు చోట్లా దాచుకోవాల్సింది ఉంటుంది.

పైకి పంపితే? అన్న దొరుకుతాడు. పర్మనెంటు కాగితం బహుశా చిరిగిపోతుంది. శ్రీదివ్య తనతో ఎలాగూ మాట్లాడదు. కానీ రేపు ఆ గదిలో ఆమె ఒక్కతే ఉండదు.

"అన్నా," అంది. "గా గదిల రేపు ఆమె ఒక్కతే కూసోవాల్నా?"

ఉదయ్ తన ఫోన్ పక్కన పెట్టాడు.

నవత ఫోన్ తీసి రాఘవేందర్ నంబరు నొక్కింది. ఉదయ్ చెయ్యి చాపి లాక్కోలేదు. లేచాడు. బయటికి వెళ్లిపోతాడనుకుంది. గోడ దగ్గరకు వెళ్లి, గడగడలాడే పాత ఫ్యాను స్విచ్ ఆపాడు. ఆమె మాట అవతలి మనిషికి సరిగా వినిపించాలని. ఉక్కపోతలో గది నిశ్శబ్దమైంది. కింది పోర్షన్‌లో భజన తాళాలు పైకి వినిపించసాగాయి.

రెండోసారి మోగకముందే రాఘవేందర్ ఎత్తాడు.

"సార్, నేను నవతను. ఆదివారం చేస్తున్నందుకు..."

"నేనే చేద్దామనుకుంటున్న నవతా," అన్నాడు ఆయన. గొంతు శుక్రవారం నాటిది కాదు. కాగితం చూసి చదువుతున్న మనిషి గొంతులా ఉంది. "ఆ మెయిల్ అడ్రస్ ఎవరిదో పొద్దున్నే తెల్సింది. మీరు ఏం చెప్పకముందే ఒక్కటి అడగాలె. ఈ కాల్ రికార్డయితున్నది, చూసుకుని చెప్పండి."

నవత అన్న వైపు చూసింది. అతని చెయ్యి ఇంకా స్విచ్ మీదే ఉంది.

"అది మీ అన్నదని మీకు ఎప్పటి సంది తెల్సు?"